మట్టి సమాధికి పొన్న కొవ్వొత్తి

మా ఊరి సమాధుల తోటలో చనిపోయినవాళ్లకు కూడా హోదాలున్నాయి. గేటు పక్కన పాలరాతి సమాధులు. వాటి వెనక రంగు పలకలు అంటించినవి. ఆ వెనక సిమెంటువి. అన్నిటికీ చివర, మురుగుకాలవ గట్టు కింద, మావి. అవి ఉత్త మట్టి కుప్పలు. పేటలో ఎవరి ఇల్లు ఏ వరసలో ఉందో తోటలో వాళ్ల సమాధి కూడా ఇంచుమించు ఆ వరసలోనే ఉంటుంది. తీర్పు దినాన అందరూ ఒక్కసారే లేస్తారని పాస్టరుగారు చెప్పేవారు గానీ, మా పిన్ని నమ్మేది కాదు.

"గేటు కాడోళ్లు ముందెళ్లిపోతారే అమ్మాయ్. మనం కాలవగట్టు నించి బురదలో పడి ఎల్లేసరికి తలుపులేసేస్తారు" అనేది.

మా అమ్మ ఆ కాలవగట్టు వరసలో ఉంది. బతికినన్నాళ్లూ ఊళ్లో ఒక పెద్ద రైతుగారి పశువుల సావిట్లో పనిచేసింది. పేడ తీయడం, కుడితి పెట్టడం, పొద్దు వాలాక దోమలకు పొగ వేయడం ఆమె పనులు. ఊక నిప్పుల మీద ఎండిన పొన్నకాయలు పోస్తే మందంగా పొగ లేచేది. మేతకు వెళ్లిన గేదెలు ఆ వాసన తగలగానే, ఎవరూ తోలకుండానే, సావిట్లోకి వచ్చి పొగలో తలలు పెట్టుకుని నిలబడేవి. అలా ఏళ్లతరబడి వంగి నిప్పులు ఊదీ ఊదీ అమ్మ నడుము వంగిపోయింది. ఇంటికొచ్చి స్నానం చేసినా పొన్న పొగ వాసన ఆమెను వదిలేది కాదు. అమ్మలందరి దగ్గరా అదే వాసన వస్తుందనుకునేదాన్ని చిన్నప్పుడు.

పెద్ద తుపాను వచ్చిన ఏడు మట్టి సమాధుల మీది కొయ్య సిలువలన్నీ నీళ్లకు కొట్టుకుపోయాయి. కాలవ వైపు ప్రహరీ కూడా కొంత కూలింది. పాలరాతికి ఏమీ కాలేదు. ఎవరి కుప్ప ఏదో మాకు తెలుసు. గుడి కమిటీకి తెలియదు.

ఆ తర్వాత కొన్నేళ్లకు, వినాయకుడి పందిళ్లు విప్పే రోజుల్లో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, కమిటీ పెద్ద లేచి నిలబడ్డారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఊరంతా మాస్టారనే పిలుస్తుంది. గుడిలో ఆయన లేచారంటే ఎవరికో ఒకరికి క్రమశిక్షణ కావలసి వచ్చిందని అర్థం.

"మన పిల్లలు పట్నాల నించి కార్లేసుకుని వస్తున్నారండి. గేటు దగ్గర దిగి, బూట్లు చేత్తో పట్టుకుని తాతగారి సమాధి దాకా నడవాల్సి వస్తోంది. చూడ్డానికి బాలేదు. కాలవగట్టు పక్కన దారేసేమంటే కారు లోపలికొచ్చి, ఓ చుట్టు తిరిగి, అట్నించటే వెళ్లిపోతుంది" అన్నారు.

"మరి అక్కడున్నోళ్లండీ?" అంది పిన్ని ఆడవాళ్ల చాప మీంచి.

"అక్కడెవరున్నారమ్మా?"

"మా అక్కుందండి."

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు. దిక్కున్న సమాధుల జోలికి వెళ్లబోమన్నారు. దిక్కు ఉందో లేదో తేల్చే పద్ధతి కూడా ఆయనే చెప్పారు. నవంబరులో సమాధుల పండగనాడు పాస్టరుగారు ఒక్కో సమాధి దగ్గరా ప్రార్థన చేసుకుంటూ వస్తారు. ఆయన వచ్చే వేళకు ఏ మట్టి సమాధి మీద కొవ్వొత్తి వెలుగుతూ ఉంటుందో దానికి మనుషులున్నట్టు. వెలగకపోతే లేనట్టు. లేనివాటికి సున్నం గీత గీస్తారు. గీత పడ్డవి చదును చేస్తారు. రాతి సమాధులకు ఈ పరీక్ష లేదు. రాయి ఉందంటే దిక్కు ఉన్నట్టేనట.

వినడానికి న్యాయంగానే ఉంది. గాలికే ఈ న్యాయం తెలియదు. మా ఊరికి ఓడలరేవు సముద్రం ఎంతో దూరం లేదు. పొద్దు వాలేసరికి కాలవ మీదుగా గాలి కొట్టుకొస్తుంది. పాస్టరుగారు గేటు దగ్గర మొదలుపెడతారు. ఒక్కో పాలరాయి దగ్గరా చనిపోయినవారి ఉద్యోగం, వారి పిల్లల ఉద్యోగాలు, అల్లుళ్ల ఉద్యోగాలు అన్నీ దేవుడికి వినిపించి ముందుకు కదిలేసరికి చీకటి పడుతూ ఉంటుంది. మా వరసకు వచ్చేవేళకు గాలి మంచి ఊపు మీద ఉంటుంది.

"ప్రమిదలో నూనె పోసి పెట్టుకుంటామండి" అన్నాను మాస్టారితో.

"ప్రమిద అన్యుల ఆచారమమ్మా. కుదరదు."

"పోనీ లాంతరండి?"

"లాంతరు సామాను. కొవ్వొత్తి భక్తి."

అంగడి కొవ్వొత్తి ఒకటి పట్టుకెళ్లి ఒక సాయంత్రం అమ్మ సమాధి మీద వెలిగించి చూశాను. పరలోక ప్రార్థన సగం కాకముందే ఆరిపోయింది. మళ్లీ వెలిగించాను. మళ్లీ ఆరింది. దూరంగా కొబ్బరిచెట్ల పైన గ్యాసు బావి మంట మాత్రం రాత్రీ పగలూ లేకుండా, ఏ గాలికీ జడవకుండా ఎగురుతోంది. నాతో వచ్చిన పిన్ని దాన్ని చూసి, "అది ఎవరి సమాధో గానే, దిక్కు మా గట్టిది" అంది.

అప్పటికి నాకు అక్షరాలు వచ్చి ఏడాదైనా కాలేదు. నలభై దాటాక, గుడి వరండాలో సాయంత్రం బడికి వెళ్లి నేర్చుకున్నాను. కొత్తగా ఈత వచ్చినవాడు ప్రతి కాలవలోనూ దిగినట్టు, కనబడ్డ కాగితమల్లా చదివేదాన్ని. మందు సీసా చీటీ, సబ్బు మీది కాగితం, గోడ మీది ఎన్నికల గుర్తు, ఏదీ వదిలేదాన్ని కాదు. అచ్చులో ఉన్నదంతా నిజమేనని గట్టి నమ్మకం. అబద్ధం అచ్చు వేయడానికి అంత ఇనప మిషను పెట్టుకుంటారా అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం మా బావ బజ్జీలు తెచ్చాడు. నా మేనమామ కొడుకు, నా మొగుడు. కొబ్బరి దింపు అతని పని. బజ్జీ పొట్లం విప్పితే లోపలి కాగితంలో ఇలా ఉంది: "చెట్టు కాయలను నీటిలో మరిగించి, పైకి తేలిన మైనంతో ఇంటివద్దనే కొవ్వొత్తులు చేసుకొనవచ్చును." ఏ చెట్టో దాని ముందు మాటలో ఉండాలి. ఆ మాట ఉన్న మూల నూనెకు నాని, ఊడి, బజ్జీకి అంటుకుపోయింది. ఆ బజ్జీని మా బావ అప్పుడే మింగాడు.

"చెట్టు పేరు తినేసేవు" అన్నాను.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

చెట్టు పేరు పోయినా, కాయలు మరిగిస్తే మైనం వస్తుందన్న సంగతి అచ్చులో ఉంది కదా. ఊళ్లో ఉన్న చెట్లన్నీ ఒక్కొక్కటిగా మరిగిస్తే ఏదో ఒకటి అదే అయి ఉంటుందని లెక్క వేసుకున్నాను. గంగరావి కాయలు మరిగించాను. పసుపు నీళ్లు వచ్చాయి. ఎండు రేగుకాయలు మరిగించాను. పిల్లలు తాగేశారు. కానుగ కాయలు మరిగిస్తే వచ్చిన కంపుకి పక్కింటావిడ రెండు రోజులు మాట్లాడలేదు. అన్నం వండే డేగిసా అడుగు నల్లబడిపోయింది. కొబ్బరినూనె గడ్డ కడుతుందేమో చూద్దామనుకున్నాను గానీ అది చలికాలం తెల్లవారుజామున కట్టే గడ్డ. చేత్తో పట్టుకుంటే మనసు మార్చుకుంటుంది.

"ఇంకేం మిగిలేయి మరగబెట్టడానికి?" అన్నాడు బావ, ఆ డేగిసాలో వండిన అన్నం వాసన చూసి. "నన్నెక్కించు పొయ్యి మీద. ముప్పై ఏళ్లు చెట్లెక్కేను. కొబ్బరినూనె తేలుద్ది."

మైనం ఎక్కడో లేదు, అరటాకు అడుగున ఉంది. మా వైపు అరటితోటల్లో పనిచేసిన ఎవరికైనా తెలుసు, ఆకు అడుగున తెల్లగా బూడిదలాంటి పూత ఉంటుందని. వేలితో రాస్తే నున్నగా జారుతుంది. నీటి చుక్క నిలవదు. ఒక తోటలో గెలలు కొట్టేసిన చెట్ల ఆకులు అడిగి తెచ్చుకుని, పిన్నీ నేనూ మధ్యాహ్నమంతా చెంచాతో గీకాము. పొద్దువాలేసరికి రేగ్గింజంత ఉండ అయింది. ఒత్తి పెట్టి వెలిగిస్తే చక్కగా, తెల్లగా, పొగ లేకుండా వెలిగింది. రేగ్గింజంత సేపు వెలిగింది.

"సరిపోద్దే. పాస్టరుగారిని పరిగెత్తుకుంటా రమ్మందాం" అంది పిన్ని.

ఆ మాట అని ఆమె కాళ్లు చాపుకుని కూర్చుంది. మా అమ్మ తెల్లవారుజామున సావిట్లోకి వెళ్లేటప్పుడు చేత్తో ఏం పట్టుకెళ్లేదో గుర్తుందా అని అడిగింది. గుర్తుంది. ఎండిన పొన్నపప్పులు కొబ్బరి ఈనెకు పూసల్లా గుచ్చి, పైదాన్ని వెలిగించేది. అది కాలి కిందిదాన్ని అంటించేది, అది దాని కిందిదాన్ని. చిటపటమంటూ, నల్లటి పొగతో, ఎంత గాలైనా ఆరకుండా సావిడి దాకా దారి చూపించేది. అచ్చులో వెతుక్కుంటూ ఇన్నాళ్లూ దాని వంక చూడలేదు. అది అచ్చులో లేదు కదా మరి.

ఓడలరేవు వైపు సముద్రపు ఒడ్డున పొన్నచెట్లున్నాయి. ఆటోలో వెళ్లి రాలిన కాయలు ఏరుకొచ్చాను. సగం గబ్బిలాలు నాకి పడేసినవే. పైకండ అవి తినేస్తే మనకు ఒలిచే పని తప్పుతుంది. కాయ పగలగొడితే లోపల గోళీలాంటి పప్పు. పచ్చిగా ఉన్నప్పుడు తెల్లగా, పొడిగా ఉంటుంది. ఎండలో పోస్తే ఎర్రబడి, నల్లబడి, వేలితో నొక్కితే జిడ్డు ఊరుతుంది. దసరా ఎండలన్నీ దానికే సరిపోయాయి. వాన మబ్బు పట్టినప్పుడల్లా బట్టలు వదిలేసి ముందు పొన్నపప్పు లోపలికి తీశాను.

అయితే ఈనెకు గుచ్చిన పప్పును మాస్టారు కొవ్వొత్తి అంటారా? అనరు. దానికి కొవ్వొత్తి ఆకారం కావాలి. పడవల చెక్కల సందుల్లో పెట్టడానికి గుగ్గిలం కరిగించి నూనె కలుపుతారు. అది ఆరితే రాయిలా బిగుస్తుంది. పిన్నికి ఆ పడవల పనివాళ్లు తెలుసు. వాళ్ల దగ్గర గుగ్గిలం తెచ్చి కరిగించి, దంచిన పొన్నపప్పు అందులో కలిపాను. బొప్పాయి ఆకు కాడ లోపల గొట్టంలా ఉంటుంది. అదే నా అచ్చు. పాత చీర పీలిక చుట్టిన ఈనె అందులో నిలబెట్టి, ముద్ద కూరి, ఆరాక కాడ చీల్చేశాను. లోపలి నుంచి నిటారుగా కొవ్వొత్తి వచ్చింది. ఆకారం అచ్చు అంగడిదే. రంగు మాత్రం గేదె కొమ్ము.

"మాస్టారు చూస్తే ఊరుకోరు" అన్నాడు బావ.

దానికి అరటాకు పూత ఉంది కదా. మళ్లీ గీకిన మైనపు పొడిని పైన రుద్దాను, పెళ్లికూతురికి పౌడరు రాసినట్టు. దూరం నుంచి చూస్తే తెల్లగానే ఉంది. వెలిగించి వాకిట్లో పెట్టాను. విసనకర్రతో విసిరాను, ఆరలేదు. బావ బుగ్గలు పూరించి ఊదాడు, వంగింది గానీ ఆరలేదు. దోమలన్నీ పక్కింటికి వెళ్లిపోయాయి. బావ ముక్కు ఎగబీల్చి, "అత్త వచ్చినట్టుందే" అన్నాడు. పిన్ని చెంగుతో కళ్లు తుడుచుకుని, పొగ అంది.

సంగతి తెలిసి కాలవగట్టు వరస ఇళ్లవాళ్లందరూ వచ్చారు. ఒకరికి నాన్న, ఒకరికి అత్త, ఒకరికి పురిట్లో పోయిన బిడ్డ ఆ గట్టు కింద ఉన్నారు. కాదనడానికి ఏముంది. పేటలో బొప్పాయి చెట్లన్నీ మోడులయ్యాయి. రంగు గురించి, ఆకారం గురించి, ఆరకుండా ఉండటం గురించి అందరం ఆలోచించాము. వాసన గురించి ఒక్కరం కూడా ఆలోచించలేదు. పుట్టిననాటి నుంచి పీల్చిన వాసన వాసనలా తోచదు.

పండగనాడు తోటంతా సున్నం వేసి, బంతిపూల దండలు వేసి పెళ్లిపందిరిలా ఉంది. గేటు బయట కార్లు. కార్లలోంచి దిగినవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని, ఈ దారి ఇంకా ఎప్పుడు వేస్తారండీ అని మాస్టారిని అడుగుతున్నారు. ఆయన ఒక చేత్తో సున్నం బకెట్టు, ఒక చేత్తో కుంచె పట్టుకుని పాస్టరుగారి వెనకే నడుస్తున్నారు. "ఇయ్యాలతో తేలిపోతుందండి" అంటున్నారు.

పాలరాతి దగ్గర కొవ్వొత్తులు గాలికి ఆరుతున్నాయి, వెలిగిస్తున్నారు, ఆరుతున్నాయి. వాటికి పరీక్ష లేదు కాబట్టి బెంగ లేదు. పాస్టరుగారు ఒక అల్లుడి ప్రమోషను దగ్గర ఉండగా, మా వరసలో కొవ్వొత్తులన్నీ వెలిగించాము. నేను అమ్మ దగ్గర గొంతుకూర్చున్నాను. మంట వంగింది, లేచింది, నిలబడింది. వరస మొత్తంలో ఒక్కటీ ఆరలేదు. దానితోపాటు పొగ కూడా లేచింది. సముద్రపు గాలి దాన్ని తీసుకుని నేరుగా గేటు వైపు వెళ్లింది.

ముందు దగ్గులు వినబడ్డాయి. తర్వాత మాస్టారు వచ్చారు.

"ఏంటమ్మా ఈ పొగ?"

"కొవ్వొత్తండి."

"కొవ్వొత్తికి నల్లటి పొగేంటి?"

"నల్లోళ్ల కొవ్వొత్తండి" అంది పిన్ని.

ఆయన వంగి చూశారు. వేడికి అరటాకు పూత కరిగి, పౌడరు కిందనుంచి అసలు రంగు బయటపడుతోంది. కుంచె కర్రతో పొడిచి చూశారు.

"ఇది కొవ్వొత్తి కాదు. షాపులో కొన్నది కాదు."

"కొనాలని మీరు చెప్పలేదండి. వెలగాలన్నారు. వెలుగుతుంది కదండీ" అన్నాను. అమ్మ మీద కారు చక్రాలు తిరుగుతాయన్న మాట తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

"సాకులు చెప్పకు. వరసంతా ఇదే వ్యవహారంలా ఉంది. ఒక్కటీ చెల్లదు" అని కుంచె బకెట్టులో ముంచారు.

ఆ వేళకే రైతుగారి గేదెలు మేత నుంచి కాలవగట్టు మీదుగా ఇంటికి మళ్లుతాయి. రోజూ ఆ వేళకు వాటికి సావిట్లో పొన్న పొగ వేస్తారు. అమ్మ పోయాక వేరే మనిషి వేస్తున్నాడు. గట్టు మీద ముందు నడుస్తున్న ముసలి గేదె ఆగింది. గట్టు చాటున సుడి తిరిగిన పొగ తగిలి ముక్కు ఎత్తింది. ఇవాళ పొగ దగ్గరలోనే వేశారనుకుంది కాబోలు, ప్రహరీ కూలిన చోట నుంచి నెమ్మదిగా దిగి తోటలోకి వచ్చింది. దాని వెనక మంద మొత్తం వచ్చింది. వచ్చి అమ్మ సమాధి చుట్టూ, పక్క సమాధుల చుట్టూ, తలలు దించి, కళ్లు మూసుకుని పొగలో నిలబడ్డాయి. ఒక్కటి కూడా మట్టి కుప్ప తొక్కలేదు. భక్తి వల్ల కాదు. పొగ కుప్పకు నాలుగు వైపులా ఎంత దూరంలో నిలబడాలో వాటికి అలవాటు.

వెనక నుంచి పాలేరు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "హై, హై" అన్నాడు. కదలలేదు. "పొగ చల్లారితే గాని కదలవండి మాస్టారూ. సావిడి కాడా అంతేనండి" అన్నాడు.

"తోలవయ్యా ముందు" అంటూ మాస్టారే కుంచెతో ముసలిదాని వీపు మీద కొట్టారు. వీపు మీద తెల్లటి గీత పడింది. అది తోక విసిరింది. బకెట్టు బోర్లా పడింది. వెనకనున్న పడ్డ దూడ బెదిరి, ఆ సున్నంలో నాలుగు కాళ్లూ వేసి గేటు వైపు పరుగు తీసింది. పాలరాతి సమాధుల మీద ఎక్కి దిగింది. ఒకచోట ఆగి బంతిపూల దండ రుచి చూసింది. నచ్చినట్టుంది, పక్క సమాధిది కూడా తిన్నది. అది తిరిగిన చోటల్లా రాయి మీద గిట్టల ముద్రలు బురద కలిసిన సున్నం గీతలుగా పడ్డాయి.

పిన్ని ఆ గీతలు చూసింది. మాస్టారిని చూసింది. చాలా మర్యాదగా అడిగింది.

"గీతలు పడ్డాయి కదండీ. మరి చదును చేసేత్తారాండీ?"

కార్లలో వచ్చినవాళ్లలో ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. పాస్టరుగారు మా వరస దాకా వచ్చారు. ఆయన మా ఊరికి కొత్త, చిన్నవాడు. గేదెల మధ్య నుంచి దారి చేసుకుని వచ్చి, కళ్లు నీళ్లు కారుతుండగా, "ఎవరిదమ్మా ఈ సమాధి?" అన్నారు.

"మా అమ్మదండి. ఈ గేదెలకి పొగేసేదండి" అన్నాను.

ఆయన చుట్టూ చూశారు. "ఇంతమంది వచ్చిన సమాధి గేటు దగ్గర కూడా లేదు కదండీ మాస్టారూ" అన్నారు.

"పశువులండీ అవి" అన్నారు మాస్టారు.

"ఆయ్. పశువులేనండి" అని పాస్టరుగారు కళ్లు మూసుకున్నారు. అమ్మకు ఉద్యోగం లేదు, ప్రమోషను పొందిన అల్లుడు లేడు. అందువల్ల ప్రార్థన పొట్టిగానే అయింది. ఆమేన్ అనేసరికి కూడా కొవ్వొత్తి వెలుగుతూనే ఉంది. ముసలి గేదె గట్టిగా ఊపిరి వదిలింది. వరస చివరి దాకా అన్ని కుప్పల దగ్గరా ప్రార్థన జరిగింది. గీత గీసేంత సున్నం బకెట్టులో లేదు.

దారి మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే గేదెల మాట వస్తుందని కమిటీకి తెలుసు. కార్లు ఇప్పటికీ గేటు దగ్గరే ఆగుతాయి. మరుసటి ఏడాది ఆ కమిటీయే ఒక నియమం పెట్టింది: పండగనాడు పొగ వచ్చే కొవ్వొత్తులు వాడరాదు, కాలవవైపు ప్రహరీ తక్షణం కట్టవలెను. ప్రహరీ ఇంకా కట్టలేదు.

పండగనాటి ఆ సాయంత్రం పొగ చల్లారి, గేదెలు వాటంతట అవే గట్టెక్కి వెళ్లిపోయాక, బోర్లా పడ్డ బకెట్టు అడుగున కొంచెం సున్నం అంటుకుని ఉంది. ప్రహరీ నుంచి ఊడిన ఒక ఇటుక తెచ్చి అమ్మ తల వైపు నిలబెట్టాను. వేలితో ఆ సున్నం తీసి దాని మీద అమ్మ పేరు రాశాను. బడిలో నా పేరు, మా ఊరి పేరు రాయించారు గానీ అమ్మ పేరు ఎవరూ రాయించలేదు. మొదటిసారి రాయడం అదే.

మాస్టారు ఖాళీ బకెట్టు కోసం వచ్చి వెనకే నిలబడి చూశారు. ఎంతైనా హెడ్మాస్టరు.

"అక్షరాలు వంకరగా ఉన్నాయమ్మా" అన్నారు.

"మా అక్క నడుమూ అంతేనండి" అంది పిన్ని.